ఎలక్ట్రానిక్ షాక్ అబ్జార్బర్లు మారుస్తున్నారా..? ప్లగ్ సరిపోయిందని కొనేస్తే జేబుకు చిల్లే..! ముందు ఇవి చూసుకోండి..

భావనపాడు తీరం నుంచి టెక్కలి వైపు కారులో బయల్దేరితే ఒకే ప్రయాణంలో రెండు రకాల రోడ్లు తగులుతాయి. ఊళ్ల మధ్య స్పీడ్ బ్రేకర్లు, మలుపులు.. జాతీయ రహదారి 16 ఎక్కాక నున్నటి రోడ్డు, స్పీడు. గతుకుల్లో మెత్తగా, హైవేపై గట్టిగా ఉండే సస్పెన్షన్ కావాలని ఎవరికి ఉండదు? ఎలక్ట్రానిక్ షాక్ అబ్జార్బర్లు చేసేది సరిగ్గా ఆ పనే.

అయితే సెకండ్ హ్యాండ్‌లో లగ్జరీ కారు కొన్నాక ఒక షాక్ లీకైతేనే అసలు కథ మొదలవుతుంది. కంపెనీ పార్ట్ ధర వినగానే గుండె గుభేల్‌మంటుంది. 'ఆన్‌లైన్‌లో అలాంటిదే ఇంకోటి ఉంది, ప్లగ్ కూడా అదే' అని ఎవరో చెబుతారు. మరి వేరే రకం షాక్ వేస్తే పనిచేస్తుందా? అసలు విషయం ఏంటో చూద్దాం.

ముందు ఈ తేడా తెలుసుకోండి

కారు బరువు మోసేది స్ప్రింగ్. ఆ స్ప్రింగ్ ఊపును ఆపేది షాక్. పలాసలో జీడిపప్పు బస్తాలు ఎక్కించగానే బండి వెనక దిగిపోతోందంటే అది స్ప్రింగ్ సమస్య. ఎంత ఖరీదైన షాక్ వేసినా అది తీరదు. గతుకు దాటాక కూడా బండి రెండు మూడుసార్లు ఊగుతుంటేనే షాక్‌ను అనుమానించాలి.

అన్నీ ఎలక్ట్రానిక్కే.. కానీ ఒకటి కాదు

* సోలెనాయిడ్ వాల్వ్ రకం: షాక్‌లోని ఆయిల్ దారిని కరెంటుతో నడిచే చిన్న వాల్వ్ పెంచుతుంది, తగ్గిస్తుంది. కొన్నింటిలో ఒకే వాల్వ్, కొన్నింటిలో రెండు ఉంటాయి.
* మాగ్నెటిక్ రకం: ఇందులో వాల్వ్ ఉండదు. ఆయిల్‌లోనే సన్నటి ఇనుప రేణువులు ఉంటాయి. కాయిల్‌కు కరెంటు ఇస్తే ఆ ద్రవం చిక్కబడి షాక్ గట్టిపడుతుంది. 2002లో కాడిలాక్ సెవిల్ ఎస్‌టీఎస్‌తో ఇది తొలిసారి రోడ్డెక్కింది.
* మోటార్ రకం: షాక్ పైన చిన్న మోటార్ కూర్చుని, చేత్తో తిప్పే నాబ్‌ను తానే తిప్పుతుంది. టీన్ కంపెనీ ఈడీఎఫ్‌సీ కిట్ ఇలాంటిదే. దానికి సొంత కంట్రోలర్ ఉంటుంది.

ఇంకో మాట. ఎక్స్‌యూవీ700, జీప్ కంపాస్‌లో వినిపించే ఫ్రీక్వెన్సీ సెలెక్టివ్ డ్యాంపింగ్ ఎలక్ట్రానిక్ కాదు. అది పూర్తిగా మెకానికల్. దానికి వైరే ఉండదు. మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ టాప్ వేరియంట్లలో వచ్చే సెమీ యాక్టివ్ సస్పెన్షన్ మాత్రం ఎలక్ట్రానిక్‌దే.

ఎక్కడ తేడా కొడుతుంది?

ఎలక్ట్రానిక్ షాక్ ఒంటరిగా పనిచేయదు. చక్రాలు, బాడీ కదలికను సెన్సార్లు చూస్తాయి. ఏ షాక్‌కు ఎంత కరెంటు ఇవ్వాలో ఈసీయూ అనే కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఆ లెక్క అంతా ఒక ప్రత్యేకమైన షాక్ కోసం, ఆ కారు బరువు కోసం రాసి పెట్టింది. అక్కడ వేరే షాక్ పెడితే మూడు రకాల చిక్కులు వస్తాయి.

మొదటిది, కాయిల్ రెసిస్టెన్స్ తేడా ఉంటే ఈసీయూ దాన్ని ఫాల్ట్‌గా పట్టేస్తుంది. డ్యాష్‌బోర్డుపై వార్నింగ్ లైట్ వెలుగుతుంది.

రెండోది ఇంకా ప్రమాదం. లైట్ రాదు, అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ అదే కరెంటుకు ఒక షాక్ గట్టిగా, పక్కది మెత్తగా మారుతుంది. హైవేపై సడెన్‌గా స్టీరింగ్ తిప్పినప్పుడు బండి ఒక పక్కకు ఎక్కువగా వాలుతుంది.

మూడోది, కరెంటు పోయినప్పుడు. సోలెనాయిడ్ రకం చాలావరకు ముందే నిర్ణయించిన స్థాయిలో ఆగుతుంది. మాగ్నెటిక్ రకం మాత్రం మెత్తబడిపోతుంది. ఈ రెంటినీ కలిపి వాడటం ఎందుకు కుదరదో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు.

మామూలు కారుకు వేయించవచ్చా?

టాప్ వేరియంట్ షాక్ తెచ్చి కింది వేరియంట్‌కు బిగిస్తే సరిపోదు. ఈసీయూ, వైరింగ్, సెన్సార్లు, కోడింగ్ అన్నీ కావాలి. ఎలక్ట్రానిక్ సస్పెన్షన్ ఉన్న కార్లకైతే బిల్‌స్టీన్ డ్యాంప్‌ట్రానిక్, కేడబ్ల్యూ డీడీసీ ప్లగ్ అండ్ ప్లే లాంటివి ఉన్నాయి. ఇవి కారులోని ఒరిజినల్ కంట్రోల్‌తోనే పనిచేసేలా మోడల్‌ను బట్టి తయారవుతాయి. కంపెనీ లిస్టులో మీ మోడల్, సంవత్సరం ఉంటేనే కొనాలి.

ఎలక్ట్రానిక్ వద్దు, మామూలు షాక్‌లు చాలనుకునేవాళ్లకు క్యాన్సిలేషన్ కిట్లు దొరుకుతాయి. ఇవి వార్నింగ్ లైట్‌ను ఆపుతాయి. డ్రైవ్ మోడ్ మార్చినా సస్పెన్షన్‌లో మాత్రం ఇక తేడా ఉండదు.

కొనేముందు చెక్ లిస్ట్

* పాత షాక్‌పై ఉన్న పార్ట్ నంబర్ పూర్తిగా, చివరి అక్షరంతో సహా సరిపోల్చండి.
* పూర్తిగా సాగినప్పుడు, నొక్కినప్పుడు పొడవు, మౌంట్, స్ప్రింగ్ సీట్ చూడండి.
* ఒకటి పాడైనా ముందు రెండూ లేదా వెనక రెండూ జతగా మార్చండి.
* బిగించాక స్కానర్‌తో కోడింగ్, హైట్ క్యాలిబ్రేషన్, వీల్ అలైన్‌మెంట్ చేయించండి.

తీరంలో ఉప్పు గాలితో జాగ్రత్త

నౌపడా ఉప్పు మళ్లు, భావనపాడు సముద్రం పక్కనే తిరిగే బండ్లకు తుప్పు పెద్ద శత్రువు. కనెక్టర్ పిన్నులు పచ్చబడితే షాక్ బాగున్నా ఫాల్ట్ వస్తుంది. రాడ్‌పై తుప్పు మచ్చలు పడితే సీల్ కోసుకుపోయి ఆయిల్ కారుతుంది. అందుకే షాక్ పోయిందని ఎవరైనా చెబితే ముందు కనెక్టర్ విప్పించి చూడండి. శుభ్రం చేస్తే చాలని తేలితే పెద్ద ఖర్చు తప్పినట్టే. అప్పుడప్పుడు మంచినీటితో కారు అడుగుభాగం కడిగించడం మేలు. కనెక్టర్లపైకి మాత్రం ప్రెషర్ వాటర్ నేరుగా కొట్టొద్దు.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ నిర్దేశించిన స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అనుమతి లేని మార్పులకు ఒక్కోదానికి రూ.5,000 జరిమానా, 6 నెలల వరకు జైలు శిక్ష పడే అవకాశం ఉంది. కాబట్టి బండి ఎత్తు మార్చే కిట్ల జోలికి వెళ్లే ముందు ఆర్టీఏ ఆఫీసులో అడగండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా చెప్పండి. లేదంటే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ దగ్గర పేచీ రావచ్చు.