పాత దూలంలో దాగిన మేకు

మా వెంకటాచలం చుట్టుపక్కల పల్లెల్లో పాత పెంకుటిళ్ళు విప్పి కొత్తవి కట్టుకోవడం మామూలయింది. విప్పినప్పుడు బయటపడే దూలాలు, వాసాలు, ద్వారబంధాలు చూస్తే ఏ రైతుకూ పారేయబుద్ధి కాదు. ఏళ్ళ తరబడి ఆరిన టేకు సులభంగా వంకర తిరగదు. కాని కోతమిల్లుకు తోలుకుపోతే మిల్లాయన ముందడిగే మాట ఒకటే: "మేకులున్నాయా?"

తిరిగే రంపానికి మేకు తగిలితే పళ్ళు ఊడడంతో పోదు. విరిగిన ముక్క తూటాలా లేస్తుంది. బ్యాండు రంపమయితే బ్లేడే తెగిపోవచ్చు. బ్లేడు డబ్బులంటే ఇచ్చుకోవచ్చు. దూలాన్ని ముందుకు తోసే కూలీకి కన్ను పోతే ఎవరిచ్చుకుంటారు?

మా ఇల్లే తీసుకోండి. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపాను తర్వాత, కప్పు మళ్ళీ ఎగరకూడదని మా తాత దూలాలకు ఇనుప పట్టీలు వేయించి జానెడు మేకులు దిగ్గొట్టించాడు. పట్టీలు తుప్పుపట్టి రాలిపోయినా, తలలూడిన మేకులు లోపలే నిలిచాయి. పైన సున్నం, దాని మీద రంగు. ఇవిగాక ఉయ్యాల కొక్కేలు, లాంతరు తగిలించిన మేకులు సరేసరి.

వీటి ఆచూకీ మొదట చెప్పేది చెక్కే. పైపొర చిత్రిక పడితే మేకు చుట్టూ నీలినలుపు మచ్చ, చెక్క పోగు వెంబడి సాగి కనిపిస్తుంది. చెమ్మకు కరిగిన ఇనుము చెక్కలోని టానిన్లతో కలిసి చేసే పని అది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లగీత పుట్టేదీ ఇలాగే. బెల్లం నీళ్ళలో ఇనుప తుక్కు ఊరేసి తీసిన కసిమి, కరక్కాయ పట్టించిన బట్ట మీద పడగానే నల్లబడుతుంది. రసాయనశాస్త్రం ల్యాబులోనే ఉంటుందనుకునే మిత్రులు గమనించాలి!

తర్వాత అయస్కాంతం. పాత రేడియో స్పీకరులోని అయస్కాంతాన్ని దారానికి కట్టి దూలం పక్కనే వేలాడదీసి నడిపిస్తే మేకున్నచోట అటు ఒరుగుతుంది. ఖర్చులేని పద్ధతే గాని ఇత్తడి మరలు, రాగి, సీసం దీనికి చిక్కవు.

వాటికి తీగచుట్ట కావాలి. సినిమాహాలు గేటులో మన జేబులు తడిమే కర్రలో ఉండేది అదే. చుట్టలో మారే విద్యుత్తు ప్రవహిస్తే దగ్గరున్న లోహంలో సుడి ప్రవాహాలు పుట్టి, వాటి అయస్కాంత క్షేత్రం వెనక్కి వచ్చి చుట్టను కదిలిస్తుంది, కర్ర కూస్తుంది. ఫారడే 1831లో చూపిన ప్రేరణ సూత్రమే ఇది. 1881లో కాల్పులకు గురయిన అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో తూటా వెతకడానికి టెలిఫోను గ్రాహంబెల్ ఇలాంటి పరికరమే పట్టుకుపోయాడు. పరుపులోని ఉక్కు స్ప్రింగులు అడ్డొచ్చాయి; తూటా దొరకలేదు. ఆ సెప్టెంబరులో అధ్యక్షుడు చనిపోయాడు. కనుక దూలాన్ని ఇనుప బల్లమీద కాక చెక్క దిమ్మెల మీద పెట్టి వెతకాలి.

ఇంకో చిక్కుంది. చిన్న మేకు చుట్టకు రెట్టింపు దూరంలో ఉంటే తిరిగొచ్చే సంకేతం సగం కాదు, ఇంచుమించు 64వ వంతుకు పడిపోతుంది. అడుగు మందం దూలాన్ని ఒకవైపే చూసి "సరే" అంటే ఎట్లా? నాలుగు వైపులా చూడాలి, ఒక్కో పలక తీశాక మళ్ళీ చూడాలి. మిల్లు దగ్గర తొందర తప్ప ఓపిక ఎవరికుంటుంది గనక!

కాంక్రీటు వచ్చాక తీసేసిన పాత రైలు స్లీపర్లయితే మరీ జాగ్రత్త. చెక్క చీలకుండా కొసల్లో దిగ్గొట్టిన ఇనుప పట్టీలు సరే, కంకరరాళ్ళు కూడా కూరుకుని ఉంటాయి. రాయికి అయస్కాంతమూ అంటదు, కర్రా కూయదు. ఇనుప బ్రష్షుతో రుద్ది కళ్ళతో చూడాల్సిందే.

మా దూలాలకు ఇవన్నీ చేశాక కూడా రెండుచోట్ల నల్లమచ్చ ఉంది గాని మేకు జాడ తేలలేదు. "వొద్దు నాయనా, మిల్లుకెయ్యొద్దు" అన్నాడు ఆచారి. ఆ రెండు ముక్కల్నీ చేతిరంపంతో కోసి పక్కన పెట్టాడు. అవి పొయ్యిలోకి పోయాయి.