రాత్రివేళ సముద్రంలో దీపాల వేట: శాస్త్రం, చట్టం, భద్రత

రాత్రివేళ చిన్న పడవపై సముద్రంలోకి వెళ్లే మత్స్యకారునికి దీపం రెండు విధాలుగా ఉపకరిస్తుంది. మొదటిది, చీకటిలో తన ఉనికిని ఇతర నౌకలకు తెలియజేయడం. రెండవది, చేపలను పడవ చెంతకు రప్పించడం. మొదటిది ప్రాణరక్షణకు సంబంధించినది, నిబంధనల ప్రకారం తప్పనిసరి. రెండవదానిపై దేశ ప్రత్యేక ఆర్థిక మండలిలో నిషేధం అమలులో ఉన్నది. ఒకే దీపం ఒకచోట విధిగానూ, మరొకచోట నేరంగానూ పరిగణింపబడుతున్నందున ఈ తేడాను తీరప్రాంత అధికారులు, పాత్రికేయులు స్పష్టంగా గ్రహించవలసి ఉన్నది.

వెలుగుకు చేపలు చేరడానికి కారణం

నీటిలో తేలియాడే సూక్ష్మజీవులలో అనేకం రాత్రివేళ వెలుగువైపు కదులుతాయి. దీపం వెలిగించిన కొంతసేపటికి అవి వెలుగు పరిధిలో గుమిగూడుతాయి. వాటిని ఆహారంగా తీసుకొనే నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు వంటి చేపలు ఆ వెనుకనే చేరుతాయి. చిన్న చేపల కోసం పెద్ద చేపలు, స్క్విడ్‌లు వస్తాయి. ఇవి తరచుగా వెలుగు మధ్యకు రాక, వెలుగు చీకట్లు కలిసే అంచున నిలిచి వేటాడుతాయి. చేపలన్నీ వెలుగును ఇష్టపడవు. కొన్ని జాతులు వెలుగుకు దూరంగా తొలగిపోతాయి.

దీపం రంగును బట్టి, నీటి స్వభావాన్ని బట్టి ఫలితం మారుతుంది. ఎరుపు కాంతిని నీరు పైపొరలలోనే గ్రహిస్తుంది. స్వచ్ఛమైన సముద్రజలంలో నీలి కాంతి అధిక లోతుకు చేరుతుంది. తీరం సమీపంలోని మసక నీటిలో ఆకుపచ్చ కాంతి మెరుగుగా ప్రయాణిస్తుంది. విదేశాలలో కయాక్‌లపై వినోదార్థం గాలం వేసేవారు ఆకుపచ్చ దీపాలను నీటిలోకి దించడానికి కారణం ఇదే. వరదకాలంలో గోదావరి, కృష్ణా నదీముఖాల వద్ద ఒండ్రు కలిసిన నీటిలో ఎంతటి దీపమైనా ఎక్కువ దూరం ప్రసరించదు. పౌర్ణమి రాత్రులలో వెన్నెల సముద్రమంతటా పరచుకొనడంతో దీపపు ఆకర్షణ తగ్గుతుంది. అందువలన దీపాల వేటకు అమావాస్య ముందు వెనుకల చీకటి రాత్రులను ఎంచుకొంటారు.

లాంతరు నుండి ఎల్‌ఈడీ వరకు

వెలుగుతో చేపలను రప్పించడం కొత్త పద్ధతి కాదు. కాగడాలు, కిరోసిన్ లాంతర్లు, పెట్రోమాక్స్ దీపాలు ప్రపంచంలోని పలు తీరాలలో ఇందుకు ఉపయోగపడినాయి. వాటి వెలుగు పరిధి స్వల్పం. ఒక లాంతరు చుట్టూ చేరిన చేపలలో గాలానికి, చిన్న వలకు చిక్కేది కొంత మాత్రమే. మిగిలినది సముద్రంలోనే ఉండిపోయేది.

ఎల్‌ఈడీ దీపాల రాకతో ఈ పరిస్థితి మారినది. తక్కువ విద్యుత్తుతో అధిక కాంతినిచ్చే ఈ దీపాలను పడవపైన వరుసలుగా అమర్చవచ్చు, నీటిలోపలికీ దించవచ్చు. విస్తారమైన ప్రాంతం నుండి చేపల గుంపులను ఒకచోటకు రప్పించి, పెద్ద వలతో చుట్టివేయడం సాధ్యమైనది. వెలుగు చేపల వయస్సును ఎంచదు. ఎదిగిన చేపలతోపాటు ఇంకా ఒక్కసారైనా గుడ్లు పెట్టని పిల్ల చేపలు కూడా వలలో పడతాయి. ఆ నష్టం తరువాతి కాలపు దిగుబడిపై పడుతుంది.

సంప్రదాయ మత్స్యకారులకు వాటిల్లే నష్టం మరొకటి ఉన్నది. ఉత్తరాంధ్ర తీరంలో తెప్పలపై వెళ్లేవారు పలువురు మొప్ప వలలు వాడతారు. చేప వలను గుర్తించక ముందుకు సాగి, మొప్పల వద్ద తగులుకొనడమే ఈ వల పనిచేసే తీరు. దీనికి చీకటి అనుకూలం. సమీపంలో పెద్ద పడవ దీపాలు వెలిగిస్తే వల చేపలకు కనిపించే అవకాశం పెరుగుతుంది, గుంపులు కూడా వెలుగువైపు మళ్లుతాయి. దీపాల వేటపై తీరప్రాంతాలలో తలెత్తే వివాదాలకు ఇది ఒక ముఖ్య కారణం.

తీరానికి దగ్గరగా వెలిగే దీపాలతో వేరొక ప్రమాదం కూడా ఉన్నది. గుడ్ల నుండి వెలువడిన ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు వెలుగు అధికంగా కనిపించే దిక్కుకు నడుస్తాయి. కృత్రిమ దీపాలు వాటిని దారి తప్పించగలవు.

చట్టపరమైన స్థితి

రాజ్యాంగం 7వ షెడ్యూలు ప్రకారం ప్రాదేశిక జలాలకు ఆవలి చేపల వేట కేంద్ర జాబితాలోనూ, మత్స్య పరిశ్రమ రాష్ట్ర జాబితాలోనూ ఉన్నాయి. తీరం నుండి 12 నాటికల్ మైళ్ల వరకు, అనగా సుమారు 22 కిలోమీటర్ల వరకు, ప్రాదేశిక జలాలు. అక్కడి నుండి 200 నాటికల్ మైళ్ల వరకు ప్రత్యేక ఆర్థిక మండలి.

ఈ మండలిలో యంత్ర పడవలు, మోటారు పడవలపై ఎల్‌ఈడీ తదితర కృత్రిమ దీపాలను ఉపయోగించి వేటాడటాన్ని కేంద్ర ప్రభుత్వం 2017 నవంబర్ 10 నాటి ఉత్తర్వుతో నిషేధించినది. 2025 నవంబరులో ప్రకటించిన ప్రత్యేక ఆర్థిక మండలి మత్స్య వనరుల సుస్థిర వినియోగ నిబంధనలు కూడా ఎల్‌ఈడీ వేటను, రెండు పడవలు జంటగా వల లాగే పద్ధతిని నిషేధిత జాబితాలో చేర్చినాయి.

ప్రాదేశిక జలాలలో నియంత్రణ ఆయా రాష్ట్రాల చట్టాల పరిధిలోనిది. మహారాష్ట్ర 2021లో తన సముద్ర మత్స్య చట్టాన్ని సవరించి ఎల్‌ఈడీ వేటకు భారీ జరిమానాలు నిర్దేశించినది. ఆంధ్రప్రదేశ్‌లో సముద్ర వేటను 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం, దాని కింది నియమాలు క్రమబద్ధీకరిస్తున్నాయి. తీరం నుండి 8 కిలోమీటర్ల వరకు గల జలాలు సంప్రదాయ పడవలకు ప్రత్యేకించబడినాయి. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పు తీరంలో అమలయ్యే 61 రోజుల వేట విరామం చేపల సంతానోత్పత్తి కోసం ఉద్దేశించినది.

ఉనికిని తెలిపే దీపం తప్పనిసరి

పై నిషేధం భద్రతా దీపాలకు వర్తించదు. సముద్రంలో నౌకలు ఢీకొనకుండా నివారించేందుకు 1972లో రూపొందిన అంతర్జాతీయ నియమాల ప్రకారం సూర్యాస్తమయం నుండి సూర్యోదయం వరకు నిర్ణీత దీపాలు వెలగాలి. 7 మీటర్ల లోపు పొడవుండి, గంటకు 7 నాటికల్ మైళ్లకు మించని వేగంతో నడిచే మోటారు పడవకు అన్ని దిక్కులకూ కనిపించే తెల్లని దీపం ఉండాలి. తెడ్లతో నడిచే పడవలో కనీసం తెల్లని వెలుగునిచ్చే టార్చి లేదా లాంతరు చేతికి అందుబాటులో ఉంచుకొని, మరొక నౌక సమీపించినపుడు ప్రమాదం తప్పేంత ముందుగా చూపాలి.

విశాఖపట్నం, గంగవరం, కాకినాడ, కృష్ణపట్నం రేవులకు రాకపోకలు సాగించే భారీ ఓడల నుండి చూసేవారికి నీటి మట్టానికి కొద్ది ఎత్తులోనే ఉండే తెప్ప రాత్రివేళ కనిపించడం కష్టం. ఆ చిన్న తెల్లని దీపమే దాని ఆనవాలు. నిర్ణీత దీపాలను మరుగుపరిచే, లేదా వాటిగా పొరపాటు కలిగించే ఇతర దీపాలను వెలిగించరాదని అవే నియమాలు చెబుతున్నాయి. చేపల కోసం అమర్చిన తీవ్రమైన వెలుగు ఈ ఆనవాలును మరుగుపరుస్తుంది. పడవలోని వారి కళ్లకు కూడా చీకటిలో చూపు తగ్గుతుంది. వెలుగు ఆర్పిన తరువాత కన్ను తిరిగి చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి సుమారు అరగంట పడుతుంది. ఆ వ్యవధిలో సమీపించే ఓడను గుర్తించడం కష్టం.

రాత్రివేళ సముద్రంలో దీపం కనిపించినదన్న సమాచారం అందినపుడు మూడు విషయాలు నిర్ధారించుకొనడం అవసరం. పడవ తీరానికి ఎంత దూరంలో ఉన్నది, అది ఏ తరగతి పడవ, దీపం దేనికోసం వెలుగుతున్నది అనేవి ఆ మూడు. ఈ వివరాలు లేకుండా చేపట్టే తనిఖీలోగాని, వెలువరించే వార్తలోగాని, ప్రాణరక్షణకు టార్చి చూపిన తెప్పకూ, నిషిద్ధ దీపాలతో వేటాడిన పడవకూ తేడా మిగలదు.