నాయకలక్షణమును గంచరపాలెపుఁ జలనచిత్రమును

సంస్కృతరూపకమునందు నాయకుఁ డెవఁడను ప్రశ్నకు రెండు విధముల సమాధానము చెప్పవచ్చును: గుణములనుబట్టి యొకటి, భాషనుబట్టి యొకటి. ధనంజయుని దశరూపకమునందు ధీరోదాత్తుఁడు, ధీరలలితుఁడు, ధీరశాంతుఁడు, ధీరోద్ధతుఁడు అని నాయకులు నలుదెఱఁగులుగాఁ జెప్పఁబడిరి. ఇది గుణములనుబట్టిన విభాగము. ఇఁక భాషమాట. ఉత్తమపురుషపాత్రములు సంస్కృతమును, స్త్రీలలోఁ బెక్కండ్రును నీచపాత్రములును బ్రాకృతమును బలుకవలెనని లాక్షణికులు నియమించిరి. శాకుంతలమునందు ఉంగరము దొరకిన జాలరి మాగధి పలికి, ఱవంతసేపు నిలిచి, తనకిచ్చిన బహుమానముతో వెడలిపోవును. ఆ యుంగరమును జూచి దుఃఖించుట మాత్రము రాజునకే చెల్లును. మృచ్ఛకటికమునందలి చారుదత్తుఁడు దరిద్రుఁడే కాని, సంస్కృతమే పలుకును. ఐశ్వర్యము పోయినను నాయకునకు భాష పోలేదు.

దీనినిబట్టి యొక సంగతి తేటపడుచున్నది. భాషానియమము కేవలము శబ్దవిషయము కాదు. ఎవని దుఃఖమును ప్రేక్షకుఁడు తన దుఃఖముగాఁ గొనవలయునో, ఎవనిని జూచి నవ్వి మఱచిపోవలయునో నిర్ణయించునది. ఈ వ్యాసమున నే విచారింపఁబూనినది, ప్రాకృతభాషి నాయకుఁడైనప్పుడు రూపకలక్షణమునకు హాని కలుగునా, లేక లక్షణమునకే విస్తృతి కలుగునా యనునది. లక్ష్యముగా 2018వ సంవత్సరమున వెలువడిన 'కేరాఫ్ కంచరపాలెం' అను చలనచిత్రమును గైకొనుచున్నాను. ఇది మా విశాఖపట్టణపు చిత్రము. కంచరపాలెము మా మల్కాపురమునకు దూరము కాదు.

స్వదేశవిషయమునకు ముందు అమెరికాలోని నల్లజాతివారి చిత్రములనుగూర్చి కొంత చెప్పవలసియున్నది. అచ్చటను భాషానియమమువంటి నియమ మొకటి చిరకాలము నడచినది. 1915వ సంవత్సరపు 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' అను చిత్రమునందు నల్లవారి ప్రధానపాత్రములను దెల్లవారు మొగమునకు మసి పూసికొని ధరించిరి. ఆ జాతి యంతయుఁ గ్రూరముగాఁ జూపఁబడినది. నల్లవారిలో మొదట ఆస్కారు బహుమానము నందిన హాటీ మెక్‌డేనియల్ 1940లో దానిని బడసినదియు నొక పరిచారికాపాత్రమునకే. ఆ నియమమును ముందుగాఁ ద్రోసిపుచ్చినవారు పెద్ద కర్మాగారములకు వెలుపలనున్న స్వతంత్రులు. ఆస్కార్ మిషో అను నాతఁడు తన నవలలను ఇంటింటికిఁ దిరిగి విక్రయించినవాఁడు. 1919లోఁ దన కథనే చిత్రముగాఁ దీసెను. 1920లో నాతఁడు నిర్మించిన 'వితిన్ అవర్ గేట్స్' పై చెప్పిన 1915వ సంవత్సరపు చిత్రమునకుఁ బ్రత్యుత్తరమని విమర్శకు లెంచుదురు. ఆ చిత్రము చిరకాలము లుప్తమై, స్పెయిను దేశమున నొక ప్రతి దొరకుటచేతఁ బునరుద్ధరింపఁబడినది. తాళపత్రప్రతులకై యూరూరఁ దిరిగిన మన పరిశోధకులకు ఈ వృత్తాంతము క్రొత్త కాదు.

తరువాతివారిలోఁ జార్లెస్ బర్నెట్ ముఖ్యుఁడు. ఆతఁడు విశ్వవిద్యాలయవిద్యార్థిగా నుండి, లాస్ ఏంజెలీసునందలి వాట్స్ అను పేట నాశ్రయించి 'కిల్లర్ ఆఫ్ షీప్' అను చిత్రమును బదివేల డాలర్లకు లోఁబడిన వ్యయముతోఁ దీసెను. నాయకుఁడు గొఱ్ఱెల వధశాలయందుఁ గూలివాఁడు. అందు యుద్ధము లేదు, రాజ్యము లేదు. అలసట కలదు, ఆలుబిడ్డలు కలరు. పాటల హక్కులకు సొమ్ము చెల్లింపలేమిచేత 1970ల నాఁటి యా చిత్రము 2007 వఱకును సామాన్యప్రదర్శనకు రాలేదు. 1991లో జూలీ డాష్ 'డాటర్స్ ఆఫ్ ది డస్ట్' అను చిత్రమునందు సముద్రద్వీపములలోని గల్లా యను మిశ్రభాషను బాత్రములచేఁ బలికించినది. ప్రాకృతము పరిచారికలయొద్దనుండి నాయికలయొద్దకు వచ్చుట యన్న నిదియే.

మన తెలుఁగునందు 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారి 'మాలపిల్ల' మొదటి మెట్టు. కథ చలముగారిది; సంభాషణములు తాపీ ధర్మారావుగారివి, వాడుకభాషలోనివి. అస్పృశ్యకన్య నాయిక యైనది. అయినను, ఆ పాత్రమును ధరించినది నాఁటి ప్రసిద్ధనటి కాంచనమాల. కథ పేటనుండి వచ్చినది కాని, మొగము పేటనుండి రాలేదు. ఇంత చెప్పుట యా మహాకార్యమును దక్కువ సేయుటకుఁ గాదు. మెట్టు మెట్టే యగును, మేడ కాదు.

ఎనుబది సంవత్సరములపిమ్మట వచ్చిన కంచరపాలెపు చిత్రమున ఆ మొగములు కూడ వచ్చినవి. దర్శకుఁడు వెంకటేశ్ మహా. నిర్మాత్రి పరుచూరి ప్రవీణ, అమెరికాయందు వైద్యురాలు, ఇందొక పాత్రమును సైతము ధరించినది. నటులలోఁ బలువురు కంచరపాలెపు నివాసులే. చిత్రము న్యూయార్కునందలి భారతీయచలనచిత్రోత్సవమున కెన్నుకోఁబడి, 2018 సెప్టెంబరు 7వ తేదీని తెలుఁగుదేశమున విడుదలయైనది. కథలు నాలుగు. బడిపిల్లవాఁడైన సుందరము సునీతయం దనురక్తుఁడు. యువకుఁడైన జోసెఫు బ్రాహ్మణకన్య యగు భార్గవిని వలచెను. సారాయి దుకాణమునఁ బనిచేయు గడ్డము సలీమా యను వేశ్యను బెండ్లాడఁ గోరెను. ఏఁబదియేండ్లకుఁ జేరువైనను అవివాహితుఁడైన రాజు, కార్యాలయమున బంట్రోతు, తన పై యధికారిణి యగు రాధను బ్రేమించెను. ఈ నాలుగును ఏకకాలమున జరుగుచున్నట్లు తోఁచును. తుదకు నలువురును ఒక్కఁడే యనియు, నాలుగు కథలును ఒక్క జీవితమే యనియుఁ దెలియును.

వైయాకరణులకు నిచ్చట నాలోచింపఁదగిన విషయము కలదు. సంజ్ఞ వేఱు, సంజ్ఞి వేఱు. సంజ్ఞలు పెక్కైనను సంజ్ఞి యొక్కఁడు కావచ్చునని మన మెఱుఁగుదుము. కాని లోకమునఁ బేరు కులమును జెప్పును, మతమును జెప్పును, ఎవరింటఁ గూర్చుండవచ్చునో చెప్పును. అందుచేఁ బ్రేక్షకుఁడు సుందరమును, జోసెఫును వేఱువేఱు మనుష్యులుగాఁ దలఁచుచుండును. తుదియందు సంజ్ఞలు రాలిపోయి సంజ్ఞి మిగులును. ఇది చమత్కారమాత్రము కాదు; పేరునుబట్టి మనిషిని విభజించు మన యలవాటునకే పరీక్ష. 2016లో బ్యారీ జెన్‌కిన్స్ తీసిన 'మూన్‌లైట్' అను చిత్రమునందును నల్లజాతి బాలుఁ డొకఁడు మూఁడు వయస్సులందు మూఁడు పేరులతో, ముగ్గురు నటులచేఁ జూపఁబడెను. మరుసటి సంవత్సరము దానికి ఉత్తమచిత్రమని ఆస్కారు లభించినది. అచ్చట మొదటినుండియు వ్యక్తి యొక్కఁడే యని మనకుఁ దెలియును. ఇచ్చటఁ దుదివఱకుఁ దెలియదు. మానవుని ఇరుగుపొరుగువారు పేరులుగాఁ జీల్చుదురన్న భావము మాత్రము రెంటికిని సమానము.

ఇందు రెండాక్షేపములు కలుగవచ్చును. రాజశేఖరుని కర్పూరమంజరి యంతయుఁ బ్రాకృతమే. అందు నాయకుఁడును బ్రాకృతమే పలుకును. కావున నిది క్రొత్త యెట్లని మొదటిది. నిజమే. కాని యా నాయకుఁడు రాజు. అచ్చట రాజు ప్రాకృతమునకు వచ్చెను. ప్రాకృతజనుఁడు రాజస్థానమునకు రాలేదు. బంట్రోతు నాయకుఁడగుట వేఱు విషయము.

గ్రామ్యము కావ్యదోషము కదా, ఈ తీరపుఁబలుకులను విద్వాంసు లెట్లు సహింతురని రెండవది. దోషమనఁగా శాస్త్రమునకు లొంగనిది. ఈ పలుకు శాస్త్రమునకు లొంగదా? మా పిల్లలు 'చూడు' అనుటకు 'సూడు' అందురు. ఇందలి చకారము దంత్యము; సకారమును దంత్యమే. స్థానసామ్యము గల వర్ణమే ఆదేశమైనది.  'ఏమిటి' అనునది 'ఏటి' యగుట మధ్యవర్ణలోపము. పండితులు దోసిలి యొగ్గుదురు. మా పిల్లలు 'ఒగ్గేయ్' అన్నచో విడిచిపెట్టు మని యర్థము. పదమదే, అర్థము వేఱైనది. ఇట్టివానికి లక్షణము వ్రాయవచ్చును. కుండ కావలసినవాఁడు కుమ్మరియింటికిఁ బోవును గాని, శబ్దము కావలసినవాఁడు వైయాకరణుని యింటికిఁ బోఁడని మహాభాష్యకారుని యాశయము. శబ్దము లోకమున నుండును. మన మచ్చటికిఁ బోయి పరిశీలింపవలయును.

ఈ మండలమునందే గిడుగు రామమూర్తిగారు సవరభాషకు సైతము వ్యాకరణమును, నిఘంటువును గూర్చిరి. 1892లో విజయనగరమునఁ దొలుతఁ బ్రదర్శింపఁబడిన కన్యాశుల్కమునందుఁ బాత్రములు తమతమ పలుకులనే పలికినవి. అట్టి చోటి పలుకును పిమ్మటఁ జలనచిత్రములు చిరకాలము నౌకరులకును, హాస్యగాండ్రకును మాత్రమే పంచిపెట్టినవి. హాస్యమునందుఁ దప్పు లేదు. హాస్యమునకు మాత్రమే యనుటయందుఁ దప్పు కలదు. 2020లోఁ గరుణకుమారుని 'పలాస 1978' శ్రీకాకుళపుఁ బలుకును జానపదకళాకారులైన దళితసోదరుల నోట నుంచుటయు నీ త్రోవలోనిదే.

దీనివలనఁ బాఠశాలాపండితులకుఁ బ్రయోజన మేమి? మల్కాపురమునందు ఓడలకర్మాగారము, నూనెశుద్ధి కర్మాగారము మొదలగువానిఁ జేరి, పలు గ్రామములనుండి వచ్చిన కుటుంబములు స్థిరపడినవి. వారి పిల్లలు బడిలో మొదటిమాట యాడఁగనే తరగతి నవ్వుట నే నెఱుఁగుదును. నవ్వినదినమునుండి యా బాలుఁడు మాటాడఁడు. మాటాడనివానికి వ్యాకరణ మేల? వ్రాఁతయందు నియమము నుపదేశింతము. అది మన వృత్తిధర్మము. కాని పలుకుఁ దప్పనక, ఈ రూప మిట్లేల కలిగినదని వానినే యడుగుదము. 'సూడు' అన్న బాలునకు దంత్యసామ్యమును జూపినచో వాఁడు తన నోటనే శాస్త్రమును గనుఁగొనును. ఆ బాలుఁడే రేపు నాయకుఁడు కావచ్చును. కథ చెప్పువాఁడైనను గావచ్చును. లక్షణము లక్ష్యము ననుసరించునన్న మాట మనది. లక్ష్యము మన వీధిలోనే నిలిచియున్నప్పుడు దానిని జూడక లక్షణము వ్రాయుట విద్వాంసులకుఁ దగదు.