అరువు కరెంటుతో తిరిగే డిస్కు

1956లో ఐబీఎం విడుదల చేసిన రామాక్ కంప్యూటర్‌తో హార్డ్ డిస్కు పుట్టింది. రెండడుగుల వెడల్పున్న పళ్లేలు 50, బరువు దాదాపు టన్ను. ఇంతా చేసి అందులో పట్టేవి 50 లక్షల అక్షరాలే. తరలించాలంటే ఫోర్క్‌లిఫ్టు కావలసిందే. అయినా దానికి కరెంటు కరువు మాత్రం లేదు.

ఆ తర్వాత డిస్కు చిక్కుతూ వచ్చింది. 1980లో సీగేట్ తెచ్చిన ఎస్‌టీ-506 అయిదుంబావు అంగుళాల పళ్లేలతో 5 మెగాబైట్లు దాచింది. 1988లో ప్రెయిరీటెక్ సంస్థ రెండున్నర అంగుళాల డిస్కు చేసింది. 2000లో యూఎస్‌బీ 2.0 వచ్చాక ఈ చిన్న డిస్కు కంప్యూటర్ పొట్టలోంచి బయటపడి జేబులోకి చేరింది. డేటాకీ, కరెంటుకీ ఒకటే వైరు. కష్టాలూ అక్కడే మొదలయ్యాయి.

పాత కంప్యూటర్‌లోని యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్కప్రకారం ఇవ్వాల్సింది 500 మిల్లీఆంపియర్లు. తిరుగుతున్న డిస్కు దాంతో ఎలాగో నెట్టుకొస్తుంది. ఆగి ఉన్న పళ్లెం నిమిషానికి 5,400 చుట్ల వేగం అందుకునే మొదటి క్షణాల్లో మాత్రం ఒక ఆంపియర్ దాకా అడగొచ్చు. మిరప బస్తాల బండి కదిలేటప్పుడే కదా ఎద్దులకు అసలు కష్టం.

ఒంగోలుకు తూర్పున, బంగాళాఖాతం ఒడ్డునున్న కొత్తపట్నం లాంటి ఊళ్లో దీనికి ఉప్పుగాలి తోడవుతుంది. పోర్టు పిన్నులకు చిలుము పడితే కరెంటుకు నిరోధం పెరుగుతుంది. అర ఓమ్ పెరిగినా చాలు, ఒక ఆంపియర్ పారేటప్పుడు అర వోల్టు దారిలోనే ఖర్చయిపోతుంది. బయల్దేరిన 5 వోల్టుల్లో డిస్కుకు అందేది నాలుగున్నర. మోటారు వేగం పుంజుకోలేక ఆగిపోతుంది, మళ్లీ మొదలెడుతుంది. మనకు వినబడే టిక్కుటిక్కు ఒక్కోసారి ఇదే. పెళ్లి వీడియోలున్న డిస్కు పోయిందని ఇంటిల్లిపాదీ దిగులుపడతారు. డిస్కు నిక్షేపంలా ఉంటుంది.

అందుకని ముందు వైరు మార్చి చూడాలి. పొట్టిది, మందమైనది మేలు. సీపీయూ ముందువైపు పోర్టుకు లోపలి నుంచి సన్నని వైరు వస్తుంది, వెనకవైపు పోర్టు నేరుగా బోర్డు మీదే ఉంటుంది. కాబట్టి వెనక పెట్టాలి. అప్పటికీ తిరగకపోతే సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ వాడాలి.

డిస్కు తిరుగుతున్నా ఫైళ్లు కనబడకపోతే లోపం భాషలో ఉండొచ్చు. డిస్కును భాగాలుగా పంచి లెక్క రాసుకునే పాత ఎంబీఆర్ పద్ధతి మామూలు 512 బైట్ల సెక్టార్లతో సుమారు 2 టెరాబైట్ల దాకే లెక్కపెట్టగలదు. అంతకు మించిన డిస్కులకు జీపీటీ పద్ధతి వాడతారు. 32 బిట్ల విండోస్ ఎక్స్‌పీకి అది చదవడం రాదు. ఫార్మాట్ చేయాలా అని ఏ కంప్యూటర్ అడిగినా వద్దని చెప్పి, కొత్త కంప్యూటర్‌లో పెట్టి చూడాలి.

ఇన్ని చేశాకా టిక్కు ఆగలేదంటే దెబ్బ లోపలే తగిలి ఉండొచ్చు. చదివే తల పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులోనే తేలుతుంది. అది రాసుకుంటే, తిప్పిన ప్రతిసారీ కొంత డేటా చెరిగిపోతుంది. ఇక కరెంటు ఇవ్వకుండా డేటా రికవరీ వాళ్లకు అప్పగించాలి. వైరు మారిస్తే బతికిన డిస్కునూ గుడ్డిగా నమ్మకూడదు. అది తిరిగిన వెంటనే చేయాల్సిన పని అందులో ఉన్నదంతా ఇంకోచోటికి కాపీ చేయడం. మిగతా పరీక్షలు ఆ తర్వాతే.