తేలికపాటి .22 బోల్టు రైఫిల్: ఎన్నికలో చూడవలసినవేమి?

చిన్న తుపాకులలో .22 రైఫిల్‌కు ఉన్నంత పేరు మరి దేనికీ లేదు. చప్పుడు తక్కువ, భుజానికి తన్ను దాదాపు శూన్యం, తూటా ఖరీదు పెద్ద రైఫిళ్ళతో పోల్చితే స్వల్పం. కొల్హాపురం జిల్లా కంబల్‌వాడి అనే పల్లెలో పుట్టిన స్వప్నిల్ కుసాలే 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో 50 మీటర్ల త్రీ పొజిషన్ పోటీలో కాంస్యం గెలిచినది ఈ తూటాతోనే. అదే జిల్లాకు చెందిన తేజస్విని సావంత్ 2010లో మ్యూనిక్‌లో 50 మీటర్ల ప్రోన్ పోటీలో ప్రపంచ విజేతగా నిలిచినదీ దీనితోనే. కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న ఒక జిల్లా నుండి ఇంతటి గురికాండ్రు వచ్చిన తరువాత ఇతర సరిహద్దు గ్రామాల యువతీయువకులలోనూ ఆసక్తి కలగడం సహజం.

అయితే ఒలింపిక్ క్రీడాకారుల రైఫిల్ వేరు, ఇక్కడ చెప్పదలచిన రైఫిల్ వేరు. పోటీ నిబంధనల ప్రకారం 50 మీటర్ల రైఫిల్ 8 కిలోల వరకు తూగవచ్చును. అది గురిశాలలో కదలక నిలిచేందుకు కూర్చిన యంత్రం. కొత్తగా నేర్చుకొనేవారికి, సన్నని చేతులు గల బాలికలకు, వయసు మళ్ళినవారికి అనువైనది 2.5 నుండి 3 కిలోల లోపు బోల్టు రైఫిల్. తేలికదనం, గురి రెండూ ఒకే తుపాకిలో దొరకడం కొంచెం కష్టమే గాని అసాధ్యం కాదు.

ముందుగా తూటా సంగతి. దీనిని రిమ్‌ఫైర్ అని పిలవడానికి కారణమున్నది. పెద్ద తూటాలలో నిప్పురవ్వ పుట్టించే మందు అడుగున నడిమధ్య ఉంటుంది. ఇందులోనైతే అది ఇత్తడి తొడుగు అంచులోనే చుట్టూ పరచి ఉంటుంది. రైఫిల్ సూది ఆ అంచును నొక్కగానే మందు అంటుకొంటుంది. అంచు నలిగిపోతుంది గనుక తొడుగును తిరిగి నింపి వాడుకొనే వీలు లేదు. నేడు వాడుకలో ఉన్న .22 లాంగ్ రైఫిల్ తూటాను 1887లో అమెరికాలోని స్టీవెన్స్ కంపెనీ తీసుకొని వచ్చినది. దాని సీసపు గుండు సాధారణంగా 40 గ్రెయిన్లు, అనగా సుమారు 2.6 గ్రాములు.

ఈ గుండును రెండు వేగాలలో అమ్ముతారు. ప్రామాణిక వేగపు తూటా సెకనుకు సుమారు 325 మీటర్లు పోతుంది. అతివేగపు తూటా 375 మీటర్లు దాటుతుంది. వేగం ఎక్కువైతే గురి మెరుగవుతుందని చాలామంది తలంచుతారు. నిజం దీనికి విరుద్ధం. ధ్వని వేగం వేసవి ఎండలో సుమారు 350 మీటర్లు. అతివేగపు గుండు ఆ హద్దును దాటి బయలుదేరి, దారిలోనే వేగం కోల్పోయి మరల ఆ హద్దు క్రిందికి దిగుతుంది. దిగేటప్పుడు కలిగే గాలి అలజడి గుండును కొద్దిగా అటూ ఇటూ ఊపుతుంది. ప్రామాణిక తూటాకు ఆ బెడద లేదు. ప్రక్కగాలికి సైతం అతివేగపు గుండే కొంచెం ఎక్కువగా కొట్టుకొనిపోతుంది. గంటకు 16 కిలోమీటర్ల ప్రక్కగాలి 50 మీటర్ల దూరంలో గుండును రమారమి ఒక అంగుళం జరుపుతుంది. గురిబిళ్ళలో పది మార్కుల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు మాత్రమేనని గుర్తుంచుకొంటే గాలిని చదవడం ఎందుకు నేర్పుతారో తెలుస్తుంది.

ఇక గొట్టం. పొడవైన గొట్టమే గురిగా కొడుతుందన్నది పాతకాలపు అపోహ. .22 తూటాలోని మందు చాలా కొద్ది. గుండు 16 అంగుళాలు ప్రయాణించే లోపుననే అది ఇవ్వవలసిన బలమంతా దాదాపు ఇచ్చివేస్తుంది. ఆ తరువాతి గొట్టం గుండుకు వేగం చేర్చదు, రైఫిల్‌కు బరువు చేరుస్తుంది. టెలిస్కోప్ లేకుండా ముందు చువ్వను, వెనుక గాడిని కలిపి గురి చూసేవారికి మాత్రం పొడవు గొట్టం మేలు, ఎందుకంటే ఆ రెండింటి నడుమ ఎడం పెరిగేకొలది పొరపాటు తగ్గుతుంది. టెలిస్కోప్ బిగించదలచినవారు 16 నుండి 20 అంగుళాల సన్నని గొట్టంతో నిశ్చింతగా ఉండవచ్చు. సన్నని గొట్టం పెద్ద తుపాకులలో త్వరగా వేడెక్కి గురి చెదరగొడుతుంది. .22లో వేడి స్వల్పం గనుక ఆ లోపం అంతగా కనిపించదు. తేలిక రైఫిల్‌లో గురి సాధ్యమయ్యేది ఇందువల్లనే.

ఇచ్చట ఒక హెచ్చరిక. ఇంటనున్న పొడవు గొట్టాన్ని ఊరి కమ్మరి చేత కోయించి పొట్టి చేయించుకొనే ఆలోచన పనికిరాదు. అందుకు తగిన లైసెన్సు లేకుండా తుపాకి గొట్టం కురుచ చేయడాన్ని 1959 ఆయుధాల చట్టం 6వ సెక్షన్ నిషేధించినది. మడమ కొయ్యను ఎత్తుకు తగినట్లు కోయించుకొనడం వేరు సంగతి. అది అవసరం కూడాను. మోచేతిని లంబకోణంలో మడిచినపుడు మడమ మోచేతి లోపలి మడతకు ఆనగా, చూపుడువేలు మీటను సుఖంగా అందుకోవాలి. పెద్దవారి కొలతకు చేసిన మడమను బాలిక భుజానికి ఆనిస్తే మెడ చాచవలసి వస్తుంది, చూపు తప్పుతుంది. రైఫిల్ బరువు తగ్గినా ప్రయోజనం ఉండదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మీట. రైఫిల్ బరువు 2.5 కిలోలు, దాని మీటను లాగేందుకు 3 కిలోల బలం కావాలనుకొందాం. వేలు లాగగానే తుపాకియే కదలిపోతుంది. బరువైన రైఫిల్ ఆ లోపాన్ని కొంత దాచిపెడుతుంది, తేలికది దాచదు. ఒకటి, ఒకటిన్నర కిలోల బలంతో గాజుపుల్ల విరిగినట్లు తెగే మీట ఉత్తమం. దుకాణంలో ఖాళీ రైఫిల్ మీటకు చిన్న స్ప్రింగు కాటా తగిలించి చూస్తే లెక్క తేలిపోతుంది. యజమాని నసుగుతే మరొక దుకాణం చూసుకొనడం మేలు. మీట బరువు తగ్గించే పని మాత్రం తెలిసిన ఆయుధ కర్మాగార నిపుణునికే వదలాలి. చేతి ఆకురాయితో అరగదీసిన మీట నేలకు తగిలినంతనే పేలే ప్రమాదమున్నది.

దొరికే రకాల విషయానికి వస్తే, ప్రపంచంలో ఈ తరగతిలో చెక్ దేశపు సీజడ్ 457, ఫిన్లండ్ దేశపు టిక్కా టీ1ఎక్స్ పేరు పొందినవి. రెండూ 3 కిలోలకు లోపువే. కాని భారతదేశంలో సామాన్య లైసెన్సుదారు విదేశీ రైఫిల్‌ను తెప్పించుకొనలేడు. జాతీయ రైఫిల్ సంఘం ద్వారా ఆ సౌకర్యం గుర్తింపు పొందిన క్రీడాకారులకే ఉన్నది. కనుక సాధారణ కుటుంబానికి మిగిలేవి రెండు దారులు. ఒకటి ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారుచేసే .22 స్పోర్టింగ్ రైఫిల్. ఆ ఫ్యాక్టరీ 2021 అక్టోబరు నుండి అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ అనే ప్రభుత్వ సంస్థ క్రింద ఉన్నది. రెండవది, దిగుమతులు బిగియక పూర్వం వచ్చి చేతులు మారుతున్న పాత విదేశీ రైఫిళ్ళు. వీటిలో చెకోస్లొవేకియా వారి బ్ర్నో మోడల్ 2ను ఎరిగినవారు వదులుకోరు.

పాతది కొనేవారు నాలుగు విషయాలు ఓపికగా చూడాలి. బోల్టు తీసి వెనుకవైపు నుండి గొట్టంలోకి వెలుతురు పడేటట్లు చూస్తే లోపలి మెలికల గాళ్ళు స్పష్టంగా, నిగనిగలాడుతూ కనిపించాలి. నల్లని చుక్కలుంటే తుప్పు తిన్నదన్నమాట. తరువాత గొట్టపు మూతి. తుడుపు చువ్వను ముందునుండి దూర్చి దూర్చి అంచు అరిగిపోయిన రైఫిళ్ళు ఎన్నో. ఆ అంచు ఒకప్రక్క అరిగినా గుండు వంకరగా బయలుదేరుతుంది. మూడవది తూటా గది అంచు. తూటా లేకుండా మీట లాగే అలవాటున్నవారి చేతిలో సూది ఆ అంచును కొట్టి కొట్టి చిన్న నొక్కు పెడుతుంది. అది ముదిరితే తూటా లోపలికి దూరదు, కొన్నిసార్లు పేలదు. నాలుగవది కొయ్య. గంజాం, యానాం వంటి తీరప్రాంతాల తేమకు కొయ్య ఉబ్బి గొట్టాన్ని తాకుతుంది. వానకాలంలో ఒక చోట, ఎండకాలంలో మరొక చోట గుండు పడడానికి ఇదే కారణం. గొట్టానికీ కొయ్యకూ నడుమ ఒక నోటు కాగితం జరిపి చూడటం వాడుక. కొన్ని పాత రకాలలో ముందు కొయ్యను గొట్టానికి మరతో బిగించడం తయారీదారుల ఏర్పాటే. దానిని లోపమని భావించరాదు, మర బిగువు మాత్రం మార్చకుండా ఉంచాలి.

రైఫిల్ చేతికి వచ్చిన పిమ్మట తూటా ఎన్నిక. ఒకే ఫ్యాక్టరీలో ఒకే రోజు తయారైన రెండు గొట్టాలు సైతం ఒకే తూటాను మెచ్చవు. నాలుగైదు రకాలు తెచ్చి 50 మీటర్లలో ఒక్కొక్క దానితో ఐదేసి తూటాలు ఐదు మార్లు కొట్టి, గుంపు చిన్నదిగా వచ్చినదానిని ఎంచుకొని, అదే డబ్బా సంఖ్య గల తూటాలు వీలైనన్ని కొనడం అనుభవజ్ఞుల పద్ధతి. లైసెన్సులో వ్రాసిన తూటాల పరిమితిని మించరాదని వేరుగా చెప్పనక్కరలేదు. టెలిస్కోప్ కొనేటపుడు 50 గజాల దూరానికి సరిచేసిన రిమ్‌ఫైర్ రకమే అడగాలి. పెద్ద రైఫిల్ టెలిస్కోప్‌లు సాధారణంగా 100 గజాలకు సరిచేసి ఉంటాయి. దగ్గరి గురిలో కన్ను కొద్దిగా జరిగినా వాటిలో గురి జరుగుతుంది.

ఇక సరిహద్దు కుటుంబాలకు అసలు చిక్కు తుపాకిలో లేదు, లైసెన్సులో ఉన్నది. లైసెన్సు పత్రంలో అది చెల్లే ప్రాంతాన్ని వ్రాసి ఉంచుతారు. ఇల్లు కర్ణాటకలో, పొలం ఆంధ్రలో, దగ్గరి గురిశాల తమిళనాడులో ఉన్న కుటుంబాలు ఈ పత్రికకు కొత్త కాదు. ఇంటివద్ద నిక్షేపంగా ఉన్న రైఫిల్ కాలువ దాటినంతనే లైసెన్సు లేని ఆయుధమైపోవచ్చును. కనుక దరఖాస్తునాడే ఎక్కడెక్కడికి తీసుకొనిపోవలసి ఉన్నదో వ్రాసి ప్రాంత విస్తరణ కోరాలి. క్రీడాకారులకు అఖిల భారత అనుమతి ఇచ్చే వెసులుబాటు ఉన్నది. అందుకు జిల్లా లేదా రాష్ట్ర రైఫిల్ సంఘంలో సభ్యత్వం, పోటీల ధ్రువపత్రాలు తోడ్పడతాయి. సొంత లైసెన్సుకు 21 ఏళ్ళు నిండాలి. అంతకు తక్కువ వయసు పిల్లలు శిక్షకుని పర్యవేక్షణలో క్లబ్బులోనే నేర్చుకోవాలి. 2019 సవరణ తరువాత లైసెన్సు గడువు 3 ఏళ్ళ నుండి 5 ఏళ్ళకు పెరిగినది, ఒక్కరు ఉంచుకొనదగిన తుపాకుల సంఖ్య మూడు నుండి రెండుకు తగ్గినది.

తాతగారి కాలం నాటి రైఫిల్ అటకమీద ఉన్న ఇళ్ళవారు మరింత జాగ్రత్త వహించాలి. లైసెన్సుదారు కాలం చేసిన వెంటనే ఆయుధాన్ని పోలీసు స్టేషనులో గాని లైసెన్సు గల వ్యాపారి వద్ద గాని జమచేసి రసీదు పుచ్చుకోవాలి. ఆ తరువాతనే వారసులు తమ పేర లైసెన్సుకు దరఖాస్తు చేయాలి. జ్ఞాపకార్థమని ఇంట ఉంచుకొనడం నేరం. ఎన్నికల సమయంలో జమచేయమని ఆదేశం వచ్చినపుడు గొట్టానికి పలుచగా నూనె పూసి అప్పగించాలి. నెలల తరబడి గిడ్డంగిలో పడియున్న మంచి గొట్టాలు తుప్పుకు బలి అవుతుంటాయి.

పొలంలో అడవిపందుల బెడదకు ఈ రైఫిల్ ఉపయోగపడునా అని పలువురు అడుగుతుంటారు. పడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద అధికారి అనుమతి లేనిదే పందిని కొట్టరాదు. అనుమతి ఉన్నా .22 గుండు దానిని చంపదు, గాయపరచి వదలుతుంది. గాయపడిన పంది మనిషిమీదికి వస్తుంది.

అలాగని చిన్న తూటా కదా అని తేలికగా చూడనూరాదు. లైసెన్సు అక్కరలేని ఎయిర్ రైఫిల్ శక్తి హద్దు 20 జౌళ్ళు. ప్రామాణిక .22 గుండు శక్తి దాదాపు 140 జౌళ్ళు. పైకెత్తి కొట్టిన గుండు మైలు దూరం దాటి పడగలదు. గట్టినేలకు, నీటికి, రాతికి తగిలి ప్రక్కకు ఎగురుతుంది. వెనుక మట్టికట్ట లేని చోట కాల్చరాదు. పెళ్ళిళ్ళలో, జాతరలలో సరదాకు పేల్చి ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చినవారికి రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండూ విధించవచ్చునని 2019 సవరణ చెబుతున్నది. ఇంట బోల్టును ఒకచోట, రైఫిల్‌ను మరొకచోట, తూటాలను మూడవచోట తాళం వేసి ఉంచడం మేలు. బోల్టు రైఫిల్‌లో బోల్టు క్షణంలో ఊడి చేతికి వస్తుంది గనుక పిల్లలున్న ఇంటికి ఇదే తగిన రకమని గురిశాలల శిక్షకులు చెబుతుంటారు.