పొయ్యి వెలిగింపకుండ పూర్ణపు రుచి: పిల్లలకు బలమిచ్చు పప్పుండలు

సాయంకాలము బడి విడువగానే పిల్లలలో పెక్కుమంది మొదట చేరునది ఇల్లు కాదు, బడి యెదుట నున్న చిన్న దుకాణము. అచ్చట వ్రేలాడు రంగురంగుల పొట్లములలో నుండునది చాలవరకు పిండి, నూనె, ఉప్పు. తినిన బిడ్డకు కడుపు నిండినట్లు తోచును. రాత్రి అన్నము తగ్గును. ఇంటిలోని చిన్నబిడ్డయు అన్న చేతిలోని పొట్లమునకే చేయి చాచును. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారము, అయిదేండ్లలోపు పిల్లలలో వయస్సుకు తగిన ఎత్తు ఎదుగనివారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 31 మంది, తెలంగాణలో 33 మంది. ఈ లోపమునకు కారణములు అనేకములు; త్రాగునీరు, పారిశుద్ధ్యము, తల్లి ఆరోగ్యము అన్నియు ఇందు కలవు. ఒక చిరుతిండితో ఈ లెక్క తారుమారగునని చెప్పుట సత్యము కాదు. అయినను రెండు భోజనముల నడుమ బిడ్డ నోటిలోనికి ఏమి పోవలెనన్నది పంచాయతీ సభ్యులు, మహిళా సంఘములు కలిసి తమ గ్రామములోనే నిర్ణయింపగల విషయము. అందుచేత దీనిని గూర్చి కొంత వివరముగా వ్రాయుచున్నాము.

ఇటీవలి కాలమున అమెరికా మున్నగు దేశములలో ఓట్సు అటుకులు, వేరుశనగ ముద్ద, ఖర్జూరములు, పాల విరుగుడు తేట నుండి తీసిన పొడి కలిపి, పొయ్యి మీద పెట్టకుండగనే ఉండలు చుట్టి తినుట వాడుకలోనికి వచ్చినది. వాటికి కేకు రుచియో, ఐస్‌క్రీము రుచియో తగులునట్లు చేయుదురు. నాలుక మిఠాయి తిన్నట్లు భావించును. దేహమునకు మాంసకృత్తులు చేరును. మన పట్టణములలో సైతము ఇట్టివి హెచ్చు ధరకు అమ్ముడగుచున్నవి. ఆలోచన మంచిదే. కాని ఆ సరకులు మన గ్రామములకు అక్కరలేదు, ఆ రుచులును అక్కరలేదు. మన పిల్లలు పండుగనాడు ఎదురుచూచునది బొబ్బట్టులోని పూర్ణము. శనగపప్పు, బెల్లము, ఏలకులు, నేయి కలిసిన ఆ రుచిని ఉడుకబెట్టుట, రుబ్బుట, కాల్చుట లేకుండ ఉండలోనికి తేవచ్చును.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. మన పిండివంటలన్నియు బలవర్ధకములే యను నమ్మకము పెక్కుమందికి కలదు. అరిసెను తీసికొందము. అది బియ్యపుపిండి, బెల్లము, నూనె. అందు మాంసకృత్తులు స్వల్పము. సున్నుండ దానికంటె చాల మేలు. మినపపప్పులో నూటికి 24 పాళ్లు మాంసకృత్తులు కలవు. కాని మినుములతో సమముగా చక్కెర, అందులో సగము నేయి పోసిన పిదప ఉండ మొత్తములో మాంసకృత్తులు నూటికి సుమారు పది పాళ్లకు దిగిపోవును. పేరును బట్టి గాక పాళ్లను బట్టి ఉండ విలువను కట్టవలెను.

మన ఉండకు మూలద్రవ్యము వేయించిన శనగపప్పు. దీనిని కొన్ని ప్రాంతములలో పుట్నాలందురు, కోస్తా జిల్లాలలో గుల్లశనగపప్పు అందురు. బట్టీలో వేడి ఇసుకలో వేగి పొట్టు వీడిన ఈ పప్పును అట్లే పొడిచేసి తినవచ్చును. పచ్చి శనగపిండిని ఈ పనికి వాడరాదు. పచ్చి పప్పులలో జీర్ణమునకు అడ్డుపడు పదార్థములు కొన్ని కలవు. అవి వేడిచేత అణగును. సోయా చిక్కుళ్లకు ఈ మాట మరింత వర్తించును. మాంసకృత్తులు హెచ్చుగా కలవని విని పచ్చి సోయాపిండిని ఉండలలో కలుపుట మేలు చేయకపోగా కడుపునొప్పి తెచ్చును. కనుక పొయ్యి అక్కరలేదనుట ఉండ చుట్టునప్పటి మాట మాత్రమే. గింజలు అంతకుముందే వేగియుండవలెను. పుట్నాలు వేగినవే దొరకును. వేరుశనగపప్పును, నువ్వులను వారమున కొకమారు ఒకచోట ఊరికంతకు వేయించి పెట్టుకొనిన చాలును.

శనగకు వేరుశనగను, నువ్వులను జోడించుటకు రుచి ఒక్కటే కారణము కాదు. మాంసకృత్తులు ఒకే పదార్థము కావు. అవి పెక్కు చిన్న అంశముల కూర్పు. వరి, జొన్న వంటి ధాన్యములలో లైసీను అను అంశము తక్కువ. పప్పులలో అది హెచ్చు. పప్పులలో కొరతయగు మిథియొనీను అను అంశము నువ్వులలో బాగుగ కలదు. ఒకదాని లోటును మరియొకటి పూరించును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన ‘హైదరాబాద్ మిశ్రమము’ సైతము గోధుమ, శనగ, వేరుశనగ, బెల్లముల కూర్పే.

ఇక పాళ్లు. పుట్నాలు 400 గ్రాములు, పొట్టుతీసిన వేపుడు వేరుశనగపప్పు 250 గ్రాములు, వేపుడు నువ్వులు 100 గ్రాములు, బెల్లము 350 గ్రాములు, నేయి 50 గ్రాములు, ఆరేడు ఏలకులు, చిటికెడు ఉప్పు. ఇష్టమున్నచో కొంచెము జాజికాయ పొడి వేసిన పూర్ణపు వాసన మరింత దగ్గరగా వచ్చును. అన్నిటిని తూచియే తీసికొనవలెను. గ్లాసుతో కొలిచిన పిండికిని, అదే గ్లాసెడు బెల్లపు తురుమునకును బరువు ఒకటి కాదు.

పుట్నాలను ఒక గంట ఎండలో నుంచి ఏలకులతో కలిపి మెత్తగా పొడిచేసి జల్లింపవలెను. వేరుశనగలను, నువ్వులను విడిగా, బెల్లపు తురుముతో కలిపి దంచవలెను. ఇందులో ఒక కిటుకు కలదు. గింజలను ఒంటరిగా దంచినచో నూనె పైకి తేలి రోటికి అంటుకొనును. బెల్లముతో దంచినచో ఆ నూనెను బెల్లము పీల్చుకొని జిగురుగల ముద్దయగును. ఆ జిగురే ఉండను నిలుపును, పాకముతో పనిలేదు. ఈ ముద్దలో శనగపొడిని కొద్దికొద్దిగా కలుపుచు, చివర కరగిన నేయి పోసి, పెద్ద ఉసిరికాయంత ఉండలు చుట్టవలెను. ముద్ద విరిసిపోవుచున్న యెడల మరికొంచెము దంచవలెను, నీటిచుక్క తగులనీయరాదు. తడి తగిలిన ఉండ రెండు మూడు దినములలో బూజు పట్టును. కొందరు పాలు చిలుకరింతురు. అట్టివి ఆనాడే తినివేయవలెను.

ఈ పాళ్లకు 25 గ్రాముల ఉండలు సుమారు 46 వచ్చును. ఒక్కొక్క ఉండలో మాంసకృత్తులు మూడున్నర గ్రాములకు కొంచెము పైగా నుండును; కేలరీలు సుమారు 110. రెండు ఉండలు తినిన బిడ్డకు ఏడు గ్రాములు చేరును. పరిమాణమున ఇది ఒక కోడిగ్రుడ్డులోని మాంసకృత్తులకు కొంచెము మించినదే. గుణమున గ్రుడ్డే మిన్న. భారత వైద్య పరిశోధనా మండలి 2020లో నిర్ణయించిన ప్రకారము నాలుగు నుండి ఆరేండ్ల బిడ్డకు దినమునకు 16 గ్రాములు, ఏడు నుండి తొమ్మిదేండ్ల వారికి 23 గ్రాములు మాంసకృత్తులు కావలెను. కాబట్టి రెండుండలు చిన్నవి కావు. అయితే అవి అన్నము, పప్పు, ఆకుకూర, గ్రుడ్డులకు తోడుగా నుండవలెను గాని బదులుగా నుండరాదు.

బెల్లమును గూర్చి సభ్యులు ప్రత్యేకముగా గమనింపవలెను. సాధారణముగా పప్పుకంటె బెల్లము చవుక. సంఘము వారు ఉండలు చేసి అమ్మునప్పుడు గాని, గుత్తకు ఇచ్చినప్పుడు గాని బెల్లము పెరిగి పప్పు తగ్గుట సహజముగా జరుగు పని. తీపి హెచ్చిన ఉండను పిల్లలు కాదనరు, తల్లులు అనుమానింపరు. పై పాళ్లలో పప్పు, గింజలు మారకుండ బెల్లము మాత్రము 750 గ్రాములైన యెడల మాంసకృత్తులు నూటికి 14 పాళ్లనుండి 11 పాళ్లలోపునకు పడిపోవును. బెల్లములో ఇనుము కలదు గదా యని సమాధానము చెప్పువారు కలరు. ఆ ఇనుము బెల్లమును బట్టి మారుచుండును. రక్తహీనతకు దానినే నమ్ముకొనరాదు. ఆరోగ్య కార్యకర్త ఇచ్చు ఇనుము మాత్రలను మానరాదు.

అన్నిటికంటె జాగ్రత్త వహింపవలసినది వేరుశనగ విషయమున. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అకస్మాత్తుగా చనిపోయినవి. బ్రెజిలు నుండి తెచ్చిన వేరుశనగ చెక్కతో చేసిన దాణాలో బూజువలన పుట్టిన విషము కలదని పరిశోధనలో తేలినది. దానికి అఫ్లటాక్సిన్ అని పేరిడిరి. 1974లో రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రముల గిరిజన గ్రామములలో బూజుపట్టిన మొక్కజొన్నలు తిని కామెర్ల వ్యాధితో నూరుమందికి పైగా మరణించిరి. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఆ కారణమును పరిశోధించి 1975లో ప్రకటించిరి. కొద్దికొద్దిగా చిరకాలము కడుపులోనికి పోయినను ఈ విషము కాలేయమును చెరచును.

అనంతపురము వంటి మెట్ట ప్రాంతముల రైతులకు ఇది దగ్గర విషయము. కాయ ఊరు వేళ వాన ముఖము చాటువేసిన యెడల బూజు చేనిలోనే చేరును. పీకునప్పుడు గునపము తగిలి చిట్లిన కాయ, తడియారకముందే కుప్పవేసిన కాయ, నేలమీద వేసిన మూటలోని కాయ, ఇవి దానికి నెలవులు. వేయించుటచేత విషము కొంత తగ్గును గాని పూర్తిగా పోదు. అయితే మేలైన సంగతి యేమనగా, విషము అన్ని గింజలలోను సమముగా నుండదు. కొద్ది గింజలలోనే దట్టముగా నుండును. కనుక ఏరుటయే గొప్ప రక్షణ. ముడుచుకొనినవి, రంగు మారినవి, పుచ్చినవి, పచ్చని లేక నల్లని బూజు కనబడునవి, నోట వేసిన చేదుగా నున్నవి తీసివేయవలెను. వేయించుటకు ముందు ఒకసారి, పొట్టు తీసిన పిదప మరియొకసారి పళ్లెములో పరచి వెలుతురున ఏరవలెను. చేటలో ఏరివేసిన తాలును పశువులకు పెట్టుట మన అలవాటు. ఈ తాలును పెట్టరాదు. పాడిపశువు తినిన విషములో కొంత పాలలోనికి దిగును. ఆ పాలు తిరిగి బిడ్డకే చేరును. కాల్చివేయుటయో, లోతుగా పూడ్చుటయో ఉత్తమము. చవుకయని నాసిరకపు పగులుపప్పును సంఘము కొనకుండ జూచుట సభ్యుల బాధ్యత.

పొయ్యి మీద పెట్టని వంటకమునకు శుచి రెట్టింపు కావలెను. చేతినుండి ఉండకు ఏది అంటినను దానిని చంపు వేడి ఇచ్చట లేదు. చుట్టువారు సబ్బుతో చేతులు కడిగి పూర్తిగా ఆరిన పిదపనే కూర్చుండవలెను. చేతికి పుండు గాని, విరేచనములు గాని ఉన్నవారు ఆనాటికి తూనికలో, ఏరుటలో సాయపడరాదు, లెక్కలు వ్రాయవచ్చును.

ఆరు నెలలలోపు శిశువునకు తల్లిపాలు తప్ప మరేదియు పెట్టరాదు. ఆపై మూడేండ్లలోపు బిడ్డకు ఉండను ఉండగా చేతికీయరాదు, గొంతున అడ్డుపడును. మెత్తగా చిదిపి పాలలోనో, జావలోనో కలిపి తినిపింపవలెను. అరుదుగా కొందరు పిల్లలకు వేరుశనగ గాని నువ్వులు గాని పడవు. తినినంతనే ఒంటిపై దద్దురులు, పెదవుల వాపు, ఆయాసము కనబడిన యెడల వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను, మరల పెట్టరాదు. మధుమేహము గల పెద్దలకు ఇది తగదు.

స్త్రీ శిశు సంక్షేమము, ప్రజారోగ్యము రెండును 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణవలన పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో చేరియున్నవి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుండి బడి భోజనముతోపాటు వేరుశనగ చిక్కీ ఇచ్చుట మొదలైనది. అది బడిలోని మాట. బడి విడిచిన తరువాతి వేళను, సెలవు దినములను గ్రామమే చూచుకొనవలెను. మహిళా సంఘమొకటి ముందుకు వచ్చినచో తూనిక త్రాసు, మూతగల డబ్బాలు, గింజలు ఎండబెట్టుటకు శుభ్రమైన పట్ట సమకూర్చవచ్చును. అమ్మకమునకు చేయువారు ఆహార భద్రతా చట్టము క్రింద నమోదు చేయించుకొనవలెను. పొట్లముపై వేరుశనగ, నువ్వులు కలవని వ్రాయవలెను. తనిఖీకి వెళ్లిన సభ్యుడు ఉండ రుచి చూచి మెచ్చుకొని రాక, ఆనాడు ఎంత పప్పునకు ఎంత బెల్లము తూచిరో పుస్తకములో చూడవలెను. ఏరివేసిన గింజల బుట్టను చూపుమని అడుగవలెను. ఏరుడు బుట్ట ప్రతిసారియు ఖాళీగా నున్నచో గింజలు ఏరుట లేదన్నమాట.

ఉండలను పొడి డబ్బాలో, ఎండ తగులని చోట నుంచినచో పదునైదు దినములవరకు నిలువ యుండును. డబ్బాపై చుట్టిన తేది వ్రాయవలెను. పాతనూనె వాసన వచ్చినవి గడువులోపలివైనను పిల్లలకు పెట్టరాదు. వానకాలమున గడువును ఒక వారమునకు తగ్గించుకొని, తక్కువ తక్కువగా చుట్టుట మేలు.