హలాల్ ముద్ర ఉన్నా చదవవలసిన అక్షరాలు

దివ్య ఖుర్‌ఆన్ ఆహారాన్ని గురించి ఆదేశించేటప్పుడు 'హలాల్' అనే పదం పక్కనే 'తయ్యిబ్' అనే పదాన్నీ చేర్చింది. ఆహారం ధర్మసమ్మతమైతే చాలదు, మంచిది కూడా కావాలి. కొందరి విషయంలో ఈ రెండవ పదం ప్రాణంతో ముడిపడి ఉంది.

మాదాపూర్, గచ్చిబౌలి కార్యాలయాలలో పనిచేసే మన యువకులు అమెరికా వెళ్లిరావడం నేడు సాధారణం. అక్కడి ఆగ్నేయ రాష్ట్రాలలో 'లోన్ స్టార్' జాతి పిడుదు కుట్టినవారిలో కొందరికి ఆల్ఫా-గాల్ అనే అలర్జీ కలుగుతుంది. గొర్రె, మేక, ఆవు వంటి పాలిచ్చే జంతువుల దేహంలో ఉండే ఒక చక్కెర పదార్థం పేరు అది. మాంసం తిన్న రెండు నుండి ఆరు గంటల తరువాత దద్దుర్లు, కడుపునొప్పి, ఒక్కొక్కప్పుడు ఊపిరాడని స్థితి ఏర్పడతాయి. ఆలస్యంగా రావడం వల్ల కారణం తోచదు. 2010 నుండి 4,50,000 మంది వరకు దీని బారిన పడి ఉండవచ్చని 2023లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం అంచనా వేసింది. కోడి, చేపలలో ఈ పదార్థం లేదు.

ఇట్టివారు చిరుతిండి పొట్లం కొనేటప్పుడు మూడు ప్రశ్నలను వేరువేరుగా వేసుకోవాలి.

మొదటిది హలాల్ ముద్ర. ధర్మబద్ధంగా జబహ్ చేసిన పశువు నుండి తీసిన జెలటిన్ మనకు హలాలే. ఈ రోగికి మాత్రం అది ప్రమాదం. మెత్తని జెల్లీ మిఠాయిలలో, మార్ష్‌మాలోలలో ఇది తరచుగా ఉంటుంది.

రెండవది ఆకుపచ్చ చుక్క. అది ఉంటే మాంసం, జెలటిన్, జంతువుల కొవ్వు లేనట్లే. కానీ మన చట్టం పాలను శాకాహారంగానే లెక్కిస్తుంది. ఈ అలర్జీ గల కొందరికి పాలపొడి, వే పొడి కూడా పడవు. పాలు మానాలా వద్దా అన్నది వైద్యుడే చెప్పాలి.

మూడవది పదార్థాల జాబితా. పొట్లంపై విడిగా ప్రకటించవలసిన అలర్జీ పదార్థాలలో పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ ఉన్నాయి, పశుమాంసం లేదు. కనుక చిన్న అక్షరాలను చివరి వరకు చదవక తప్పదు. ఐఎన్ఎస్ 471 అనే పదార్థం మొక్కల నూనె నుండీ రావచ్చు, జంతువుల కొవ్వు నుండీ రావచ్చు. బంధువులు విదేశాల నుండి సంచిలో తెచ్చే మిఠాయిలపై ఆకుపచ్చ చుక్క ఉండదు. అక్కడ మరింత జాగ్రత్త అవసరం.

ఇక ఆతిథ్యం. బక్రీద్ నాడు "ఒక్క ముక్కైనా తినండి" అని బలవంతపెట్టడం ప్రేమగానే జరుగుతుంది. దైవప్రవక్త (స) ఎదుట బల్లి జాతి జంతువు మాంసం పెట్టినప్పుడు ఆయన చేయి వెనక్కి తీసుకున్నారు; అది హరామ్ కాదనీ చెప్పారు; అదే విస్తరిపై ఖాలిద్ బిన్ వలీద్ (రజి) తిన్నారు. ఒకరు తినకపోవడం హలాల్‌ను హరామ్ చేయడం కాదని దీనివల్ల మనకు తెలుస్తోంది. అట్టి అతిథికి వేరే గరిటెతో, వేరే పాత్రలో చేపల కూర వడ్డిస్తే అదే నిజమైన మర్యాద.

లక్షణాలు కనిపిస్తే తెల్లవారేదాకా వేచి ఉండరాదు. వెంటనే ఆసుపత్రికి చేరాలి. ప్రాణరక్షణ కూడా షరీఅత్ లక్ష్యాలలో ఒకటని మరువరాదు.